పండ్రెండవ వార్డు అర్జీ

ఢిల్లీ నుండి ముంబయి పోవు పెద్ద రైలుమార్గమున, మాళవ ప్రాంతములో, రత్లాం అను జంక్షను కలదు. బదిలీల మీదను సెలవుల మీదను ఆ దారిని పోయిన మన సంఘసభ్యులలో పలువురు ఆ ప్లాట్‌ఫారము మీద దిగి, ఆ ఊరి పేరు మోసిన కారపు సేవు పొట్లమొకటి కొని, మరల బండి యెక్కినవారే. ఆ పొట్లము కంటె దేశమునకు ఎక్కువగా ఉపయోగపడినది ఆ ఊర మఱియొకటి పుట్టినది. అది 1972వ సంవత్సరమున న్యూ రోడ్డు అను వీధిలోని 12వ వార్డు నివాసులు తమ పురపాలక సంఘము మీద పెట్టుకొనిన యొక అర్జీ.

మన దేశ చరిత్ర వ్రాయువారు మహాసభలను, సత్యాగ్రహములను వర్ణింతురు. అది యుచితమే. కాని ఇంటి గుమ్మము దిగినది మొదలు కార్యాలయపు మెట్టు ఎక్కు వఱకు మనుష్యుడు నడచు దారి యెవరిది, అది చెడినచో ఎవరిని అడుగవలెను, అడిగినను వినకున్న ఏమి చేయవలెను అను ప్రశ్నలకును ఒక చరిత్ర కలదు. అది పాత చట్టములలోను, మునిసిపలు దస్తరములలోను, తీర్పుల సంపుటములలోను చెల్లాచెదరై పడియున్నది. అందు ముఖ్యమైన ఘట్టములను కొన్ని ఇచ్చట కూర్చుచున్నాను.

పూర్వము మన దేశమున వీధుల బాధ్యత ఎవరికిని లేకుండెననుట సరికాదు. కౌటిల్యుని అర్థశాస్త్రమున నగరాధికారియగు నాగరికుడు ప్రతిదినము నీటిపట్టులను, మార్గములను, ప్రాకారములను చూచుకొనవలెనని విధింపబడినది. వీధిలో చెత్త పోసిన వానికి పణములో ఎనిమిదవ వంతు దండన. బురదను గాని నీటిని గాని నిలువచేసిన వానికి పాతిక పణము. అదియే రాజమార్గమున జరిగినచో రెట్టింపు. నాగరికుడు ఏమఱినచో వానికిని దండన చెప్పబడినది. కాని ఆ దండన విధించువాడు రాజు. వీధివాడు వచ్చి, “అయ్యా, నా యింటి ముందటి గుంట ఎప్పుడు పూడ్తురు?” అని హక్కుగా అడుగు పద్ధతి ఆ ప్రకరణమున కానరాదు. అడుగుట యనునది చాలకాలము తర్వాత వచ్చినది. అదియు పన్నుతోకూడ వచ్చినది.

చెన్నపట్టణమున 1687 డిసెంబరు నాటి సన్నదు ననుసరించి 1688లో కార్పొరేషను ఏర్పడెను. మన దేశమున నగరపాలక సంస్థలలో అదియే మొదటిది. అయినను చిన్న పట్టణములకు ఆ భాగ్యము పట్టుటకు నూటయఱువది యేండ్లకు పైగా పట్టినది. 1850వ సంవత్సరపు 26వ చట్టమున నొక విశేషము కలదు: ఊరివారు తమంత తాము కోరుకొనిననే ఆ చట్టము ఆ ఊర అమలులోనికి వచ్చును. ఇది చూచుటకు ఉదారముగానే యున్నది. కాని కోరుట యనగా పన్నును నెత్తికెత్తుకొనుట. కావున చెన్నరాజధానిలో అది యంతగా వేళ్ళూనలేదు. మన తెలుగుసీమలో భీమునిపట్టణము 1861లోనే పురపాలక మయ్యెను. 1865 నాటి పట్టణాభివృద్ధి చట్టము వచ్చిన మీదట, 1866లో రాజమహేంద్రవరము, గుంటూరు మొదలగు ఊళ్ళు ఆ వరుసలో చేరెను. హైదరాబాదున 1869లో మొదటి సాలార్‌జంగు కాలమున ఏర్పడిన శాఖకు పురపాలక రహదారి నిర్వహణ శాఖ యనియే పేరు. రోడ్డును ఊరిపాలనమును వేఱు చేసి చూడరాదని ఆ పేరు పెట్టిన వారికి తెలిసియుండవలెను.

ఈ తొలినాటి సంఘములు పౌరులవి కావు. కలెక్టరుగారు, ఇంజనీరుగారు, ఆయన ఎంపిక చేసిన పెద్దమనుష్యులు కూర్చుండి నడపిన సభలు. 1882 మే 18న రిప్పన్ ప్రభువు చేసిన స్థానిక స్వపరిపాలన తీర్మానముతోను, 1884 నాటి మదరాసు జిల్లా మునిసిపాలిటీల చట్టముతోను ఎన్నికల వాసన కొంత సోకినది. 1920 చట్టము దానిని కొంత పెంచినది. ఈ నడుమ అడుగుటకు ఇంకొక దారి తెఱచుకొనెను. అది పత్రిక. 1874లో రాజమహేంద్రవరమునుండి వీరేశలింగము పంతులుగారు వెలువరించిన వివేకవర్ధని స్థానికోద్యోగుల లంచములను బయటపెట్టుటలో చూపిన సాహసము అందఱు ఎఱిగినదే. అర్జీకి సమాధానము రాకున్న పత్రికకెక్కుట అను సంప్రదాయమునకు మన భాషలో ఆయనయే వేలుపట్టి నడక నేర్పినవాడు.

చట్టములలో పౌరునికి నిజముగా పనికివచ్చినది మునిసిపలు చట్టము కాదు, క్రిమినలు ప్రొసీజరు కోడు. ఇది వినుటకు వింతగా నుండును. ఆ కోడులో 1898 నాటి కూర్పునందు 133వ సెక్షను కలదు. బహిరంగ స్థలమున గాని, దారిలో గాని అక్రమమైన అడ్డంకి యున్నచో, జనుల ఆరోగ్యమునకు చేటు కలిగించు ఉపద్రవ మున్నచో, పడుటకు సిద్ధముగా నున్న గోడ గాని చెట్టు గాని యున్నచో, దారి ప్రక్కన గట్టులేని గొయ్యి గాని నుయ్యి గాని యున్నచో, దానిని తొలగింపుమని మేజిస్ట్రేటు ఉత్తరువు చేయవచ్చును. పోలీసుల నివేదికయే కానక్కఱలేదు. ఎవరు సమాచారమిచ్చినను చాలును. ఆ ఉత్తరువును సివిలు కోర్టులో ప్రశ్నింప వీలులేదు. ఈ సెక్షను చిరకాలము పౌరుల మీదనే ప్రయోగింపబడుచు వచ్చెను: అరుగు ముందునకు కట్టినవాడు, కంచె వీధిలోనికి జరిపినవాడు, గోడ కూలగొట్టనివాడు. పురపాలక సంఘమే ఉపద్రవమునకు మూలమైనచో దాని మీదను ఇది పనిచేయునా? ఈ ప్రశ్ననే రత్లాం వారు వేసిరి.

వారి వీధి స్థితి యిది. ఒకవైపు మంచి యిండ్లు, ప్రక్కనే మురికివాడ. సరియైన కాలువలు లేవు. గుంటలలో మురుగు నిలిచి దోమలు ముసురుచుండెను. మరుగుదొడ్లు లేని పేదలకు వీధియే గతి. వీనికి తోడు ఒక ఆల్కహాలు కర్మాగారపు దుర్గంధజలము వీధిలోనికే ప్రవహించుచుండెను. అనగా నడచువానికి కాలు పెట్టుటకు చోటు లేదు. సంఘమునకు ఎన్నిమారులు చెప్పినను పని కాకపోగా, నివాసులు 1972 మే నెలలో సబ్‌డివిజనలు మేజిస్ట్రేటు వద్దకు పోయి 133వ సెక్షను క్రింద అర్జీ పెట్టిరి. మేజిస్ట్రేటు విచారించి, వారు చెప్పినది నిజమేనని తేల్చి, ఆరుమాసములలో పథకము సిద్ధము చేసి కాలువలు, దొడ్లు కట్టవలసినదిగా సంఘమునకు ఉత్తరువు చేసెను. సెషన్సు జడ్జి దానిని కొట్టివేసెను. మధ్యప్రదేశ హైకోర్టు మరల నిలబెట్టెను. అప్పుడు పురపాలక సంఘము సుప్రీంకోర్టునకు పోయెను.

ఆ సంఘము చెప్పిన సమాధానములు చిరస్మరణీయములు. మొదటిది, డబ్బు లేదు. ఇది ఏ కార్యాలయమునందైనను ఫైలు మీద మొదట వ్రాయబడు వాక్యమే గనుక మనకు క్రొత్త గాదు. రెండవది యింకను రుచిగా నున్నది: ఆ వీధిలో ఇండ్లు కట్టుకొన్నవారు అక్కడి స్థితి యెఱిగియే, కన్నులు తెఱచియే వచ్చి కట్టుకొనిరి గనుక ఇప్పుడు ఫిర్యాదు చేయరాదట! ఈ న్యాయము ప్రకారము గోతిలో పడినవాడు గోయి అంతకుముందే యుండెను గనుక మూల్గుటకు వీలులేదు.

1980 జూలై 29న సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. పీఠమున నుండినవారు జస్టిస్ వి. ఆర్. కృష్ణయ్యరు, జస్టిస్ ఓ. చిన్నప్పరెడ్డి. తీర్పు వ్రాసినది కృష్ణయ్యరు. రెండవవారు మన ఆంధ్రప్రదేశ హైకోర్టున 1967నుండి న్యాయమూర్తిగా నుండి 1978లో ఢిల్లీకి వచ్చినవారు. ఆయన పేరు ఈ వ్యాసమున మరల వచ్చును. పురపాలక సంఘము ఏర్పడినదే ప్రజారోగ్యము కాపాడుటకు గనుక, డబ్బు లేదను మాట చెప్పి ఆ పనినుండి తప్పించుకొనరాదని కోర్టు నిర్ణయించెను. మధ్యప్రదేశ మునిసిపాలిటీల 1961 చట్టమున 123వ సెక్షను వీధులను శుభ్రముగా నుంచుటను, ఉపద్రవములను తొలగించుటను సంఘపు విధిగా చెప్పుచున్నది. విధి యనగా వీలైనపుడు చేయునది గాదు. వ్యాజ్యము నడపుటలో చూపిన ఉత్సాహములో సగము కాలువలు త్రవ్వుటలో చూపియుండినచో పని చాలవఱకు ముగిసియుండునని ఒక చురకయు అంటించెను.

ఆ తీర్పు గొప్పతనము సూత్రములలో కంటె దాని ఆదేశముల వివరములలో కలదని నా యభిప్రాయము. కర్మాగారపు నీరు వీధిలోనికి రాకుండ వెంటనే ఆపవలెను; ఆరుమాసములలో స్త్రీలకు పురుషులకు వేఱువేఱుగా మరుగుదొడ్లు కట్టి, నీటి వసతి కల్పించి, ఉదయము సాయంకాలము శుభ్రము చేయింపవలెను; గడువు తీరగానే పని ముగిసినదని ఆరోగ్యాధికారి నివేదిక పంపవలెను; కాలువలు కట్టుటయే గాక గుంటలు పూడ్చవలెను; మలేరియా నివారణకు రాష్ట్రప్రభుత్వము ప్రత్యేకముగా సూచనలీయవలెను; ఈ పనులు కాకున్నచో బాధ్యులగు అధికారులను మేజిస్ట్రేటు ప్రాసిక్యూటు చేయును. ఎవరు, ఏమి, ఎప్పటిలోగా, కాకున్న ఏమగును: ఈ నాలుగును ఉన్న ఉత్తరువు పనిచేయును. “తగిన చర్యకై పంపబడినది” అను ఉత్తరువు ఎంత దూరము నడచునో మనలో ప్రతి యొక్కరికి తెలియును.

రత్లాం వారి అర్జీని ధనికుల మొరగా మలచుట సులభముగా నుండెను. “మా వీధినుండి ఆ పేదలను తోలివేయుడు” అని కోర్టును కోరి యుండినచో కథ మఱియొక విధముగా నడచియుండును. కోర్టు ఆ దారి పట్టలేదు. ధనవంతునికి బంగళాలో దొడ్డి యున్నది, పేదవానికి వీధి తప్ప వేఱు గతి లేదు గనుక దోషము పేదవానిది గాదు, దొడ్డి కట్టని సంఘమునది అని చెప్పెను. ఈ భేదము తర్వాతి కాలమున కాలిబాటల విషయమున చాల ముఖ్యమయ్యెను.

కాలిబాట యనగానే బొంబాయి వ్యాజ్యము జ్ఞప్తికి వచ్చును. 1981 జూలైలో ఆ రాష్ట్ర ముఖ్యమంత్రి, పేవుమెంట్ల మీద కాపురముండువారిని వారివారి స్వస్థలములకు పంపివేయుదుమని ప్రకటించెను. వానకాలములో గుడిసెలు పీకబడెను. పేవుమెంటు వాసులును, ఒక పత్రికా రచయిత్రియు కోర్టునకెక్కిరి. 1985 జూలై 10న ఐదుగురు న్యాయమూర్తుల పీఠము తీర్పు చెప్పెను. అందును చిన్నప్పరెడ్డిగారు కలరు. బ్రదుకుతెఱువు జీవించు హక్కులో భాగమనియు, అయినను కాలిబాట నడచువారి కొఱకే గనుక దాని మీద కాపురముండు హక్కు ఎవరికిని లేదనియు, తొలగింపవలసినచో ముందుగా నోటీసిచ్చి వారి మాట వినవలెననియు ఆ తీర్పు సారాంశము. 1976 జనగణనలో గుర్తింపుకార్డులు పొందినవారికి వేఱు స్థలము లీయవలెనని చెప్పి, వానలు వెలిసిన తర్వాత, అక్టోబరు 31వఱకు ఎవరిని కదలింపవలదని ఆదేశించెను. నడచువాని హక్కును, నిలువనీడలేని వాని హక్కును ఒకే త్రాసులో పెట్టి తూచిన తొలి పెద్ద తీర్పు ఇదియే. ముల్లు ఎటు మొగ్గెనో నేటికిని పండితులు వాదించుకొనుచున్నారు.

నాలుగేండ్లకు, 1989లో, ఢిల్లీ జన్‌పథ్ ప్రాంతమున బట్టలమ్ముకొను చిల్లరవర్తకుల వ్యాజ్యమున, కాలిబాట మీద వ్యాపారము చేయుట రాజ్యాంగము నిచ్చిన వృత్తిస్వేచ్ఛలో చేరునని, కాని ఫలానా చోటు నాదే యను హక్కు లేదని, సంఘము నియమములు పెట్టి చోట్లు ఏర్పఱుపవలెనని కోర్టు చెప్పెను. ఆ మాట చట్టరూపము దాల్చుటకు 2014వఱకు పట్టినది. మన క్వార్టర్ల సంఘములవారు కూరగాయల బండ్లను తొలగింపుమని అర్జీ పెట్టునపుడు ఈ తీర్పును ఒకమారు చదువుట మేలు. సాయంకాలము అదే బండివద్ద బేరమాడువారు మనమే గదా.

అర్జీ పెట్టుట యొక యెత్తు. అర్జీ వినక మనుష్యుడు చచ్చినచో సంఘము పరిహారమిచ్చునా అనుట మఱియొక యెత్తు. ఇంగ్లీషువారి పాత న్యాయమున ఒక చమత్కారము కలదు. రోడ్డధికారి మరమ్మతు తప్పుగా చేసిన దోషి. అసలు మరమ్మతే చేయకున్న దోషి గాడు! 1961లో పార్లమెంటు చట్టము చేసి ఆ రక్షణను తీసివేసినది. మన దేశమున ఈ విషయమై రెండు తీర్పులను ప్రక్కప్రక్కన పెట్టి చూడవలెను. స్వాతంత్ర్యము వచ్చిన కొలది కాలమునకు ఢిల్లీ చాందినీచౌకులో, టౌనుహాలు ఎదుటనున్న గంటస్తంభము కూలి క్రిందనున్నవారు మరణించిరి. అది సంఘముదే. కట్టి 80 ఏండ్లు గడచినది. అందు వాడిన సున్నపు గచ్చు ఆయువు 40, 45 ఏండ్లు మాత్రమే. దారిన పోవువారి మీద తన కట్టడము పడకుండ చూచుకొను బాధ్యత యజమానికి తప్పదని 1966లో సుప్రీంకోర్టు పరిహారమిప్పించెను. మఱి 1975లో రాజకోటలో, ప్రతిదినము రైలులో వచ్చి పనికి నడచిపోవు ఒక ఉద్యోగి మీద రోడ్డు ప్రక్కని చెట్టు కూలెను. ఆయన మరణించెను. క్రింది కోర్టులు భార్యాబిడ్డలకు పరిహారము నిచ్చెను. 1997లో సుప్రీంకోర్టు దానిని త్రోసివేసెను: చెట్లన్నిటిని ఎల్లప్పుడు పరీక్షించుచుండు బాధ్యతను సంఘము మీద మోపలేమనెను. గంటస్తంభమునకును చెట్టునకును భేదము కలదని న్యాయవాదులు వివరింతురు. క్రింద నడచువానికి ఆ భేదము తెలియదు. నా మట్టుకు ఈ రెండవ తీర్పు రత్లాం తీర్పు వేసిన దారినుండి ఒక యడుగు వెనుకకు వేసినదనియే తోచును.

ఇంతలో 74వ రాజ్యాంగ సవరణ వచ్చి 1993 జూన్ 1 నుండి అమలయ్యెను. పండ్రెండవ షెడ్యూలులో రోడ్లు, వంతెనలు, వీధిదీపములు, బస్సు నిలుపుచోట్లు పట్టణ సంస్థల పనులుగా పేర్కొనబడినవి. మూడులక్షలు, అంతకు మించి జనమున్న పట్టణములలో వార్డు కమిటీలు ఉండవలెనని నియమము. వ్రాత యంతయు బాగున్నది. కమిటీ కూర్చుండు బల్ల మాత్రము పలుచోట్ల ఖాళీగనే యున్నది.

కాలిబాట ఎట్లుండవలెనను విషయమున కొలతలు లేకపోలేదు. 1934లో ఏర్పడిన ఇండియన్ రోడ్స్ కాంగ్రెసు తన 2012 నాటి మార్గదర్శకములలో నడచుటకు కనీసము 1.8 మీటర్లు, అనగా సుమారు ఆరడుగుల వెడల్పు విడువవలెనని, అంచురాతి యెత్తు 150 మిల్లీమీటర్లకు, అనగా అరడుగునకు మించరాదని చెప్పినది. మన నగరములలో ఈ రెండు కొలతలు పెక్కుచోట్ల తారుమారైనట్లు కానవచ్చును: వెడల్పు అరడుగు, ఎత్తు ఆరడుగులు కాకపోయినను, ముసలివారు చేయి పట్టుకొనక ఎక్కలేనంత. ఎక్కలేనివారు రోడ్డు మీదనే నడతురు. 2023లో దేశమున రోడ్డు ప్రమాదములలో మరణించినవారు 1,72,890 మంది. వారిలో పాదచారులు 35,221 మంది. ప్రతి ఐదుగురిలో ఒకరికి పైగా వాహనమెక్కినవారు కారు, నడచుచున్నవారు.

ఈ లెక్కల వెనుకను ఒక అర్జీ కలదు. కోయంబత్తూరునందలి ఒక ఎముకల శస్త్రవైద్యుడు, తన యొద్దకు విరిగిన కాళ్ళతో వచ్చువారిని చూచి చూచి, 2012లో సుప్రీంకోర్టున వ్యాజ్యము వేసెను. 2014లో కోర్టు, జస్టిస్ కె. ఎస్. రాధాకృష్ణన్ అధ్యక్షతను రోడ్డు భద్రతకై ఒక కమిటీని నియమించెను. 2019లో మోటారు వాహనముల చట్టమునకు జరిగిన సవరణ వలన 198ఎ సెక్షను చేరినది: రోడ్డు నిర్మాణ ప్రమాణములు పాటింపక మరణమునకో గాయమునకో కారకులైన అధికార సంస్థకు, కంట్రాక్టరుకు లక్ష రూపాయల వఱకు జరిమానా. తప్పు ఎల్లప్పుడు డ్రైవరుదే అను పాత నమ్మకమునకు చట్టములో ఇది తొలి బీట. ఆ వైద్యుని వ్యాజ్యముననే 2025 మే 14న, సరియైన కాలిబాటలు పొందుట జీవించు హక్కులో భాగమనియు, అంగవైకల్యము గలవారు కూడ వానిని వాడుకొనగల్గునట్లు ఉండవలెననియు కోర్టు చెప్పెను. అదే సంవత్సరము అక్టోబరు 7న, పాదచారులను గూర్చియు, జాతీయ రహదారులు కాని రోడ్ల నిర్మాణ ప్రమాణములను గూర్చియు ఆరుమాసములలో నియమములు చేయవలసినదిగా రాష్ట్రములను ఆదేశించెను.

ఆరుమాసములు! 1980లో రత్లాం మరుగుదొడ్లకు ఇచ్చిన గడువును అదియే.

రత్లాం వారు పట్టుకొనిన 133వ సెక్షను 1973 నాటి క్రొత్త కోడులోను అదే సంఖ్యతో నిలిచినది. 2024 జూలై 1నుండి ఆ కోడు పోయి భారతీయ నాగరిక సురక్షా సంహిత వచ్చినందున ఇప్పుడది 152వ సెక్షను. విషయము మాఱలేదు. అర్జీ పెట్టవలసినది జిల్లా మేజిస్ట్రేటుకు గాని, సబ్‌డివిజనలు మేజిస్ట్రేటుకు గాని, అధికారము పొందిన ఎగ్జిక్యూటివు మేజిస్ట్రేటుకు గాని. అందు వీధి పేరు, ఉపద్రవము స్వరూపము, అది ఎప్పటినుండి యున్నది, సంఘమునకు ఏ తేదీన తెలిపితిమి అను వివరములు వ్రాసి, సంఘమునకు పంపిన అర్జీల నకళ్ళు జతపఱచుట మంచిది. రత్లాంలో పనిచేసినది అట్టి సాక్ష్యమే.